బూజు గింజ ఎవరి పాలు?



వేరుశనగ చెట్లు పీకి ఓదెలు వేసే రోజులివి. ఈ అదనులో మైకు ముందు కూర్చున్న వ్యవసాయ విస్తరణాధికారి ఏమి చెబుతాడో మీకు ముందే తెలుసు. ఏ తెగులుకు ఏ మందు, ఎకరానికి ఎంత, ఎన్నాళ్ళకొకసారి అని. ఈ పూట ఆ లెక్కలు కాస్త పక్కన పెట్టి, ఒక పాత చరిత్ర చెప్పదలచాను. రాజులది కాదు, యుద్ధాలది కాదు, బూజుది.

దీనికొక కారణం ఉంది. నేను డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం, ఒక మెట్ట గ్రామంలో వేరుశనగ పప్పు ఏరివేతపై ప్రదర్శన ఏర్పాటు చేశాము. చేటల్లో పప్పు పోయించి, ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, ఆకుపచ్చ బూజు పట్టినవీ ఏరించి వేరే కుప్ప పెట్టించాను. ఏరిన మంచి పప్పుకు బజారులో ధర ఎంత ఎక్కువ పలుకుతుందో లెక్కకట్టి చూపించాను. రైతులు సంతోషించారు. అందరూ లేచి వెళ్ళిపోతూ ఉండగా, కూలికి వచ్చి పప్పు ఏరిన ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చి, “సారూ, ఈ ఏరేసిన పప్పు మేం పట్టుకుపోవచ్చునా?” అని అడిగింది. “దానికేముందమ్మా, తీసుకో” అన్నాను. ఆమె దాన్ని కొంగున మూటగట్టుకుని వెళ్ళిపోయింది.

ఆనాడు నేనన్న మాట ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. అలా తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందుగా ఒక్క సంగతి తేల్చుకోవాలి. బూజు వేరు, బూజు చేసే విషం వేరు. బూజు అంటే శిలీంద్రం, అదొక జీవి. తడి, వేడి దొరికితే గింజ మీద పెరుగుతుంది. పెరుగుతూ పెరుగుతూ కొన్ని జాతుల బూజులు తమ ఒంట్లోంచి ఒక విషాన్ని గింజలోకి దింపుతాయి. ఆ తర్వాత గింజను ఎండబెడితే బూజు చచ్చిపోవచ్చు. గుడ్డతో తుడిస్తే పైకి కనిపించకుండా పోవచ్చు. విషం మాత్రం గింజలోనే ఉంటుంది. కల్లు సంగతి మీకు తెలియనిది కాదు. కల్లును పులియబెట్టేది కంటికి కనపడని ఒక జీవి. అయినా కల్లును ఎంత సన్నని గుడ్డతో వడగట్టినా నిషా పోదు గదా! ఇదీ అంతే. పైగా ఈ విషాల్లో చాలావాటికి వంటపొయ్యి వేడి ఒక లెక్క కాదు. అన్నం ఉడికించే వేడికి, గంజి కాచే వేడికి అవి చెక్కుచెదరవు.

ఈ సంగతి మనుషులకు తెలియడానికి సుమారు వెయ్యేళ్ళు పట్టింది. తెలియక పోగొట్టుకున్న ప్రాణాలకు లెక్కలేదు.

ఐరోపా ఖండంలో రై అనే ధాన్యం పండుతుంది. చలికీ, చౌడు నేలకూ ఓర్చుకునే పంట. మనకు జొన్న, సజ్జ ఎలాగో అక్కడి బీదవారికి అది అలాగ. కలిగినవారు గోధుమ రొట్టె తింటే, లేనివారు రై రొట్టె తినేవారు. పదో శతాబ్దం మొదలు ఫ్రాన్సు దేశంలో మాటిమాటికీ ఒక వింత జబ్బు వచ్చేది. కాళ్ళూ చేతులూ నిప్పుల్లో పెట్టినట్లు మండేవి. కొన్నాళ్ళకు వేళ్ళు నల్లబడి, ఎండిన కొమ్మల్లాగ నెత్తురు చుక్క కారకుండా ఊడి పడిపోయేవి. గర్భిణులకు గర్భస్రావమయ్యేది. కొందరికి మూర్ఛలు వచ్చేవి. వేలాదిమంది చచ్చిపోయారు. జనం దీన్ని దేవుడి శాపమనుకుని ‘పవిత్రాగ్ని’ అని పేరు పెట్టారు. 1095 ప్రాంతంలో సెయింట్ ఆంథోనీ పేరుతో ఒక సన్యాసి సంఘం ఏర్పడి, ఈ రోగుల కోసం ఆసుపత్రులు నడిపింది. అప్పటినుంచి ‘సెయింట్ ఆంథోనీ మంట’ అన్న పేరు నిలిచిపోయింది. అక్కడికి చేరినవారిలో చాలామందికి నయమయ్యేదట. మహిమ సంగతి నాకు తెలియదుగాని, ఇంటి దగ్గరి రొట్టె మానేసి మఠంలో పెట్టే మంచి రొట్టె తినడం అందుకు ఒక కారణమై ఉండవచ్చునని ఇప్పటి పండితులు అంటారు.

అసలు కారణం రై కంకిలోనే ఉండేది. మంచి గింజ ఉండవలసిన చోట కోడిపుంజు కాలి ముల్లులాంటి నల్లని కొమ్ము ఒకటి పొడుచుకు వచ్చేది. దాని పేరే ఎర్గాట్. ఏళ్ళ తరబడి రైతులు దాన్ని చూస్తూనే ఉన్నారు. ఎండ తగిలి గింజ అలా మారిందనుకున్నారు. 1676లో డొడార్ట్ అనే ఫ్రెంచి వైద్యుడు, ఈ నల్లకొమ్ములు కలిసిన రొట్టె తినడంవల్లనే జబ్బు వస్తున్నదని అక్కడి విజ్ఞాన అకాడమీకి తెలియజేశాడు. ఆ కొమ్ము గింజ కాదనీ, ఒక శిలీంద్రం తన జీవితంలో ఒక దశలో అలా గట్టిపడి ఉంటుందనీ టులాస్నే అనే శాస్త్రజ్ఞుడు 1853లో వివరించాడు. మధ్యలో ఎన్నేళ్ళు గడిచాయో చూడండి! చెప్పినా వినలేదా అంటే, వినేవారు లేక కాదు. కరువు ఏడాది తిండి గింజలు చాలనప్పుడు నల్ల గింజ ఏరి పారేయమంటే, ఇంటివాడు ఏరుతాడా? ఏరితే ఆ లోటు ఎక్కడినుంచి పూడుస్తాడు? ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది, జ్ఞాపకం పెట్టుకోండి.

ఆ ఎర్గాట్‌నుంచే తీసిన ఎర్గోమెట్రిన్ అనే మందు 1935లో వెలుగుచూసింది. దాని తోబుట్టువులాంటి మందును ఇవాళ్టికీ కాన్పు అయిన తల్లికి నెత్తురు ఆగడానికి ఆసుపత్రుల్లో ఇస్తున్నారు. వేళ్ళు ఊడగొట్టిన విషమే, తూకం తెలిసినవాడి చేతిలో తల్లి ప్రాణం నిలుపుతున్నది.

రై మన దేశపు పంట కాదు, మనకెందుకీ గొడవ అనుకోవద్దు. మన సజ్జ కంకి మీద కూడా ఎర్గాట్ వస్తుంది. దాన్నే మనం తేనెబంక తెగులు అంటాము. పూత సమయంలో మబ్బు పట్టి ముసురు కురిస్తే కంకినుంచి తేనెలాంటి బంక కారుతుంది. పిమ్మట గింజ స్థానంలో నల్లని పెంకులు ఏర్పడతాయి. రై ఎర్గాట్ విషం, సజ్జ ఎర్గాట్ విషం ఒకటి కావు. సజ్జది వేళ్ళు ఊడగొట్టదుగాని, తిన్నవారికి వాంతులు, తలతిరుగుడు, విపరీతమైన నిద్రమత్తు వస్తాయి. 1950ల రెండవ సగంలో అప్పటి బొంబాయి రాష్ట్రం దక్షిణ జిల్లాల్లోనూ, మళ్ళీ 1975లో రాజస్థాన్‌లోనూ సజ్జ రొట్టెలు తిన్న ఊళ్ళు ఇలా జబ్బుపడ్డాయి. దీనికి మాత్రం చౌకైన ఉపాయం ఉంది. పది లీటర్ల నీటిలో రెండు కిలోల ఉప్పు కరిగించి సజ్జ విత్తనం పోస్తే, నల్ల పెంకులూ తాలూ పైకి తేలతాయి, మంచి గింజ అడుగుకు దిగుతుంది. తేలినవి తీసి కాల్చివేసి, మంచి గింజను రెండు మూడుసార్లు మంచినీటితో కడిగి ఆరబెట్టుకోవాలి.

ఇప్పుడు రష్యా వెళదాము. రెండవ ప్రపంచ యుద్ధం నాటి మాట. మగవారు యుద్ధంలో ఉన్నారు, కోతకు మనుషులు లేరు. ఒరెన్‌బర్గ్ ప్రాంతంలో పైరు కోయకుండానే మంచు కురిసి పొలాలను కప్పేసింది. శీతకాలమంతా గింజ మంచుకింద పడి ఉంది. వసంతంలో మంచు కరిగిన తర్వాత, ఆకలితో ఉన్న జనం పొలాల్లోకి వెళ్ళి ఆ గింజను ఏరుకుని తెచ్చుకున్నారు. మన భాషలో చెప్పాలంటే పరిగె ఏరుకున్నారు. ఆ మంచు కింద కూడా పెరగగల బూజు ఒకటి ఉంది. తిన్నవారికి మొదట నోరు, గొంతు మండేవి. తర్వాత కొన్ని వారాలు ఏమీ లేనట్లే ఉండేది. ఆ లోపల నెత్తురులోని తెల్ల కణాలు తరిగిపోయేవి. చివరకు ముక్కునుంచీ చిగుళ్ళనుంచీ నెత్తురు కారి, గొంతు పుండ్లు పడి చచ్చిపోయేవారు. 1942 మొదలు 1947 వరకు ఇది సాగింది. 1944లో కొన్ని తాలూకాల్లాంటి ప్రాంతాల్లో పదిమందిలో ఒకరికి పైగా ఈ జబ్బు బారినపడ్డారు. పొలంలో మిగిలిన గింజ, ఆకలి మిగిలిన మనిషి – రెండూ ఒకచోట చేరినప్పుడు జరిగినదిది.

ఇంతవరకు చెప్పినవి వైద్యుల పుస్తకాల్లో ఎవరి దేశపు సంగతులు వారివిగా పడి ఉన్నాయి. వాటన్నిటినీ ఒక తాటిమీదకు తెచ్చి ప్రపంచాన్ని మేలుకొలిపినవి కోళ్ళు. మనుషులు చస్తే కదలని ప్రపంచం కోళ్ళు చస్తే కదిలిందా అని మీరు అడగవచ్చు. కోళ్ళ వెనుక వ్యాపారం ఉంది మరి!

1960లో ఇంగ్లండులో టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చావడం మొదలుపెట్టాయి. మేత ముట్టవు, రెక్కలు వాలేస్తాయి, వారం తిరక్కుండా మెడ వెనక్కు వంచి, కాళ్ళు చాచి చస్తాయి. కొద్ది నెలల్లోనే లక్షకు పైగా పిల్లలు పోయాయి. కోసి చూస్తే కార్జం పాడైపోయి ఉంది. అంటురోగమేమోనని సూక్ష్మజీవుల కోసం వెతికారు, దొరకలేదు. ఒకదాన్నుంచి మరొకదానికి అంటించి చూశారు, అంటలేదు. ఏమి జబ్బో తెలియక లెక్కల్లో తెలియని రాశికి పెట్టినట్లు ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అని పేరు పెట్టారు. చివరికి ఎవరో అడగవలసిన ప్రశ్న అడిగారు: ఇవి ఏమి తిన్నాయి? చచ్చిన పిల్లల మేతలన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న సరుకు ఒకటే. బ్రెజిల్ దేశంనుంచి ఓడలో వచ్చిన వేరుశనగ చెక్క.

అవును, మన వేరుశనగే.

ఆ చెక్క పొడిని చూస్తే బూజు ఏమీ కనిపించలేదు. సూక్ష్మదర్శిని కింద పెడితే చచ్చిన బూజు పోగులు అక్కడక్కడ కనిపించాయి. బూజు ఏనాడో చచ్చింది, దాని విషం మాత్రం సముద్రం దాటి వచ్చింది. అదే కాలంలో తూర్పు ఆఫ్రికాలో, అక్కడ పండిన వేరుశనగ చెక్క తిన్న బాతు పిల్లలు కూడా అలాగే చచ్చాయి. దానితో ఇది ఒక్క బ్రెజిల్ చెక్క దోషం కాదని తేలింది. 1961లో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజును పట్టుకున్నారు. ఆ పేరులోంచి మొదటి అక్షరాలు తీసుకుని విషానికి ‘అఫ్లటాక్సిన్’ అని పేరు పెట్టారు. అతినీల కిరణాల దీపం కింద పెడితే ఈ విషంలో ఒక రకం నీలంగానూ, మరొక రకం ఆకుపచ్చగానూ మెరుస్తుంది. విషం ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఆ రోజుల్లో నిన్న పుట్టిన బాతు పిల్లకు తినిపించి చూసేవారు. దానికంటే సున్నితమైన ప్రాణి మరొకటి దొరకలేదు.

ఈ కబురు మన దేశానికి రావడం చాలా ఇబ్బందికరమైన సమయంలో వచ్చింది. ఆ రోజుల్లో మన బీద పిల్లలకు మాంసకృత్తులు చాలడం లేదనీ, పాలు కొనలేనివారికి వేరుశనగ పిండి చౌకైన బలమైన తిండి కాగలదనీ పెద్ద ఆశ ఉండేది. అందుకు ప్రయత్నాలూ సాగుతున్నాయి. కూనూరునుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో – 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారింది అదే – శాస్త్రజ్ఞులు టుల్పులే, మాధవన్, గోపాలన్‌గార్లు కోతిపిల్లలకు ఈ విషాన్ని తినిపించి చూసి, 1964లో ఫలితం ప్రకటించారు. మనిషికి దగ్గర చుట్టమైన కోతికి కూడా కార్జం చెడిపోయింది. కోడికి వచ్చింది మనిషికి రాదులే అనే ధీమాకు అంతటితో చోటు లేకుండా పోయింది. అయినా మనుషులు తిని చచ్చిన దాఖలా కళ్ళారా కనపడేదాకా జనం నమ్మలేదు. అది పదేళ్ళ తర్వాత కనపడింది.

1974. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లా, దాని పక్కనే గుజరాత్‌లోని పంచమహల్ జిల్లా. గిరిజనుల ఊళ్ళు. వారి తిండి మొక్కజొన్న. అది కాక వేరొక గింజ లేదు. అంతకుముందు వర్షాభావం. తీరా పంట చేతికి వచ్చే వేళకు అకాల వర్షం. కండెలు తడిశాయి. ఆరబెట్టడానికి కళ్ళం లేదు, దాచడానికి సరైన గాదె లేదు. తడి కండెలనే ఇళ్ళల్లో పోసుకున్నారు. బూజు పట్టింది. దాన్నే విసిరి రొట్టెలు చేసుకున్నారు.

ఏడాది చివర జబ్బు మొదలైంది. పచ్చకామెర్లు, వాటి వెంటనే కడుపులో నీరు చేరి పొట్ట ఉబ్బడం. 150కి పైగా ఊళ్ళనుంచి ఈ కబురు వచ్చింది. దాదాపు 400 మంది జబ్బుపడితే, వందమందికి పైగా చనిపోయారు. కామెర్లు అనగానే నీటివల్ల వచ్చే అంటురోగమని అనుకోవడం సహజం. కాని ఒక విచిత్రం కనిపించింది. ఆ ఊళ్ళలో కుక్కలకు కూడా కామెర్లు వచ్చాయి, కుక్కల పొట్టలు కూడా ఉబ్బాయి. మనిషికీ కుక్కకీ కలిసి వచ్చే కామెర్లు ఏమిటి? ఆ రెండింటికీ మధ్య ఉన్న బంధం రొట్టెముక్క. ఇంటివాళ్ళు తిన్న రొట్టెలో మిగిలిందే కుక్క తిన్నది.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారిగారు, తోటివారు కలిసి ఆ మొక్కజొన్నను పరీక్షించి 1975లో లెక్కలు ప్రకటించారు. కిలో గింజలో 6 మిల్లీగ్రాములకు పైనుంచి 15 మిల్లీగ్రాములకు పైదాకా అఫ్లటాక్సిన్ ఉన్నది. ఇవాళ మన దేశపు చట్టం ధాన్యంలో కిలోకు 15 మైక్రోగ్రాములు దాటరాదంటున్నది. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. అంటే ఆ గింజలో ఉన్నది ఈనాటి హద్దుకు 400 మొదలు 1,000 రెట్లు! రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాముల విషం వారాల తరబడి వారి కడుపుల్లోకి పోయిందని అంచనా వేశారు. మరుసటి సంవత్సరం అవే ఊళ్ళలో గింజ పరీక్షిస్తే కిలోకు పదోవంతు మిల్లీగ్రాము కూడా లేదు. జబ్బూ రాలేదు. అవే ఊళ్ళు, అదే మొక్కజొన్న, ఆ ఏడాది కోతప్పటి వాన ఒక్కటే తేడా.

దీనికి చెప్పిన కారణాల్లో బూజు గింజ ప్రమాదమని జనానికి తెలియకపోవడం కూడా ఒకటి. అది నిజమే కావచ్చు. కాని నాకు ఒక సందేహం. బూజు గింజ చేదని, వాసన కొడుతుందని ఏ ఇల్లాలికి తెలియదు? తెలిసీ ఎందుకు వండింది? ఇంట్లో అదొక్కటే ఉంది గనుక. మనం ఊళ్ళోకి వెళ్ళి ‘బూజు గింజ తినకండి’ అని గోడలమీద రాయించినంత మాత్రాన, ఆమె గాదెలోకి మంచి గింజ రాదు.

ఇది ఒకసారితో పోయిన పీడ కాదు. 2004లో కెన్యా దేశంలో తడిసిన మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడి, వారిలో 125 మంది చనిపోయారు. మన దగ్గరే, 1995లో దక్కను పీఠభూమిలో – ఇటు మన రాష్ట్రంలోనూ అటు కర్ణాటకలోనూ – కోత సమయంలో వానకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్న 27 ఊళ్ళలో కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయి. అది ఫ్యుమోనిసిన్ అనే మరొక బూజు విషం పని. ఆ గింజ మానేయగానే తగ్గిపోయింది, ప్రాణాలు పోలేదు. అక్కడా జబ్బుపడ్డది ఎక్కువగా బీదవారే. తడిసిన జొన్న బజారులో చౌక.

ఒకేసారి ఎక్కువ తింటే కామెర్లు, చావు. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి తింటే కార్జానికి పుట్టకురుపు. 1987లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం, అఫ్లటాక్సిన్‌ను మనిషికి కాన్సరు కలిగిస్తుందని రుజువైన పదార్థాల జాబితాలో చేర్చింది. ఈ రెండోది కంటికి కనపడదు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే జబ్బుకు ఏ సంవత్సరపు పప్పు కారణమో ఎవరు చెప్పగలరు?

ఇక మన చేలోకి వద్దాము. అఫ్లటాక్సిన్ బూజు మన నేలలోనే ఉంటుంది. వేరుశనగ కాయ నేలలో ఉండగానే పట్టుకుంటుంది. పంట చివరి మూడు నాలుగు వారాల్లో వాన లేక బెట్టకు వస్తే, నేల వేడెక్కి కాయ బలహీనపడి బూజుకు దారి ఇస్తుంది. చెదపురుగు, వేరుపురుగు, చివరకు మన గుంటక పంటి గాయం కూడా తలుపు తెరిచినట్లే. నీటి వసతి ఉంటే ఆఖరులో ఒక తడి ఇవ్వండి. కాయ ముదిరినట్లు డొల్ల లోపలి వైపు నల్లబడగానే పీకండి. ‘ఇంకా నాలుగు రోజులుంటే నాలుగు గింజలు బరువెక్కుతాయి’ అని చూడవద్దు. పీకిన చెట్లను కాయలు పైకి, ఆకు కిందికి వచ్చేలా తిరగేసి ఆరబెట్టండి. కాయ ఊపితే గలగలలాడాలి, పప్పును వేళ్ళతో రుద్దితే ఎర్ర పొర ఊడిరావాలి. అప్పుడు తేమ సుమారు 8 శాతానికి దిగినట్లు. ఆ తర్వాత పట్టా మీద వాన చినుకు పడినా మళ్ళీ ఎండ చూపించాలి.

ఇంకొక చెడ్డ అలవాటు ఉంది. మరాడించేటప్పుడు పప్పు విరగకుండా ఉండాలని కాయలమీద నీళ్ళు చల్లుతారు. ఎండబెట్టిన కష్టమంతా ఒక్క చెంబుతో పోతుంది. తడిపి కొట్టిన పప్పును బస్తాలకెత్తి వారం ఉంచితే, బూజుకు ఇల్లు కట్టి ఇచ్చినట్లే.

ఇప్పుడు నా అసలు మాట. ఐరోపా దేశాల వారు తినడానికి సిద్ధమైన వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదంటారు. అందుకని ఎగుమతి సరుకును ఒకటికి రెండుసార్లు ఏరతారు, యంత్రాలతో జల్లిస్తారు. మంచిదే, మన పప్పుకు పేరు వస్తుంది. కాని బూజు విషం సరుకంతటా సమంగా ఉండదు. కొద్ది గింజల్లోనే మూటగట్టుకుని ఉంటుంది. ముడుచుకున్నవి, రంగుమారినవి, పుచ్చినవి – వాటిలో. అంటే ఓడ ఎక్కే పప్పు ఎంత శుభ్రమైతే, ఇక్కడ మిగిలిన కుప్ప అంత విషపూరితమన్నమాట. ఆ కుప్ప ఎక్కడికి పోతుంది? కొంత గానుగకు. శుద్ధిచేసిన నూనెలో విషం దాదాపు మిగలదుగాని, శుద్ధి చేయని నూనెలోకి కొంత వస్తుంది, చాలావరకు చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క గేదెకు పెడితే, ఒక రోజు తిరక్కుండానే రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది. చెక్క మానేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు మళ్ళీ తేరుకుంటాయి. కొంత బజారుకు – చిల్లర కొట్లలో చౌకగా. ఇంకొంత, నేను దానం చేసినట్లు, కొంగుల్లోకి.

పరిగె కాయ సంగతీ చెప్పాలి. చెట్లు పీకిన తర్వాత నేలలో తెగి మిగిలిపోయిన కాయలను కూలివాళ్ళు, పిల్లలు తవ్వుకుంటారు. తరతరాలుగా వస్తున్న హక్కు అది, దాన్ని కాదనే పాపం నేను చేయను. కాని నేలలో ఎక్కువ రోజులు ఉండిపోయిన కాయ, పురుగు కొట్టిన కాయ, వానకు మళ్ళీ తడిసిన కాయ – అవే పరిగెలో ఎక్కువ. ఒరెన్‌బర్గ్ మంచు కింది గింజకూ మన ఎర్రనేల కింది కాయకూ నాకు పెద్ద తేడా కనపడదు. పరిగె తెచ్చుకున్నవారు ఆనాడే కడగకుండా, మట్టి దులిపి ఎండబెట్టి, ఒలిచాక ఒక్కొక్క గింజా చూసి, ముడతలు పడ్డదీ, రంగు మారిందీ, చేదు తగిలిందీ పారవేయాలి. చేదు గింజ నోట్లో పడితే మింగకుండా ఉమ్మేయాలి, పిల్లలకు అది నేర్పాలి. రైతులు కూడా పరిగె కాయను తమ మంచి కాయలో కలిపి తూకం పెంచుకోరాదు. ఒక గంప బస్తాలన్నిటినీ చెడగొడుతుంది.

ఆ ఊరికి నేను ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. ఆ పెద్దమ్మ కనిపించలేదు. పనుల కోసం వలస వెళ్ళారని చెప్పారు. ఆ మూటెడు పప్పు ఆమె ఏం చేసిందో, వేయించి మనవలకు పెట్టిందో, పచ్చడి నూరుకున్నదో నాకు తెలియదు.

ఇప్పుడు ఏరివేత ప్రదర్శన పెడితే, చేటలు తెప్పించకముందే చేనుగట్టున ఒక గుంట తవ్విస్తున్నాను. ఏరేసిన పప్పు అందరి ఎదుటా అందులో పోసి తగలబెట్టి మన్ను కప్పిస్తాము. మొదటిసారి అలా చేసినప్పుడు కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఊరుకోలేదు. “తినే గింజను మంటల్లో పోస్తారా?” అని ఒకామె తిట్టింది. చరిత్రంతా ఆమెకు చెప్పాను, బాన్స్‌వాడా కుక్కల సంగతితో సహా. విన్నది. విని, “సరే సారూ, ఇది వద్దన్నావు. మరి ఇంటికి ఏం పట్టుకుపోను?” అన్నది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆ చేను రైతు లేచి, ఏరిన మంచి పప్పు కుప్పలోంచి మనిషికొక మానిక కొలిచి పోశాడు. కూలి కాక అది వేరే. ఎగుమతి ధరలో అది తనకెంత నష్టమో ఆయన లెక్క వేసుకున్నట్లు లేదు. నేను వేశాను, చాలా తక్కువ. ఆ ఊళ్ళో కిందటి సంవత్సరంనుంచి మరో ముగ్గురు రైతులు ఏరివేత రోజున మానిక దగ్గర పెట్టుకుని కూర్చుంటున్నారు.